జెర్రిపోతు చేసిన నేరమేమి?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా మేనమామగారి పామాయిల్ తోట గట్టు మీద ఆరడుగుల జెర్రిపోతు తల చితికి పడి ఉంది. చంపిన కూలీ కర్ర పట్టుకుని పక్కనే నిలుచున్నాడు. "విషం లేని పాముని ఎందుకు చంపావయ్యా?" అన్నాను. "నాగుపాముకి మొగుడండీ ఇది. వదిలేస్తే దాన్ని పిలుచుకొస్తాది" అన్నాడు. అతణ్ణి తప్పుపట్టలేదు. నా బాధంతా, పట్టభద్రుడైన మామయ్య కూడా అవునన్నట్టు తల ఊపినందుకే.

పేరులో 'పోతు' ఉన్నంత మాత్రాన ఆ జాతంతా మగదైపోతుందా? జెర్రిపోతుల్లో ఆడవీ ఉన్నాయి, అవి గుడ్లు పెడుతున్నాయి. నాగుపాము కుటుంబం వేరు, దీని కుటుంబం వేరు. రెండింటికీ జత కుదరదు. పొలంలో రెండు పాములు నిలువునా లేచి పెనవేసుకుంటే సయ్యాట అనుకుని దండం పెడతాం. చాలాసార్లు అవి బలాబలాలు తేల్చుకుంటున్న రెండు మగ జెర్రిపోతులు! ఇక ఆవు కాళ్ళకు చుట్టుకుని పాలు తాగుతుందంటారు. పొదుగు నుండి పాలు పీల్చడానికి తగిన నోరే పాముకు లేదు. తోకతో కొడితే ఒళ్ళు కుళ్ళుతుందన్నదీ ఇటువంటి కథే. ఆ తోకలో విషమెక్కడిది?

విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన సర్పగ్రంథంలో మన పాముల తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు. పరాయివాడు మనల్ని అడిగి పేర్లు రాసుకున్నాడు. మనమేమో పేరును మిగుల్చుకుని ప్రాణిని చంపుతున్నాం.

"పాముకాటుకు మనుషులు చస్తున్నారు, గుర్తుపట్టే తీరిక ఎక్కడిది?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2000-2019 మధ్య మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అందుకే అంటున్నాను: గుర్తు తెలియని పాముకు దూరం జరగండి. కర్రతో దాని మీదికి వెళ్ళడమే కాటును కొనితెచ్చుకోవడం. జెర్రిపోతు కూడా బెదిరిస్తే మెడ ఉబ్బించి గుర్రుమంటుంది, దొరకబుచ్చుకుంటే కరుస్తుంది. విషం లేని ప్రాణి భయపెట్టి బతకజూడటం నేరమా?

అది తినేది ఎలుకలనూ కప్పలనూ. పామాయిల్ గెలలను కొరికేవి ఆ ఎలుకలే. వాటికోసం మామయ్య మందు కొంటాడు. ఆ పని ఉచితంగా చేసే పామును చంపిస్తాడు. నాగుపాము కూడా ఎలుకలున్న చోటికే వస్తుంది. అంటే, దాన్ని తోటలోకి పిలుస్తున్నది జెర్రిపోతా, దాన్ని చంపిన కర్రా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికీ వర్తిస్తుంది. కానీ గట్టు మీదికి చట్టం రాదు, మనం వెళ్ళగలం. నాగులచవితికి పుట్టలో పాలుపోసి, కాటేస్తే ప్రాణం తీసే పాముకు మొక్కే జాతి మనది. ఏ హానీ చేయని దానికి మొక్కనక్కరలేదు, దారి ఇస్తే చాలు. ఈసారి మీరు ఊరెళ్ళినప్పుడు కర్ర ఎత్తినవాడికి ఈ ఒక్కమాట చెప్పండి. పక్కన తల ఊపే మామయ్యకు ముందుగా చెప్పండి.