తెలుపునకు కొలత

మన ప్రవాస కుటుంబాలలో చాలమంది ఇండ్లలో ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో 1980, 90 దశకాలనాటి పెండ్లి వీడియో క్యాసెట్లుంటవి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించుకొనడం మంచి పనే. కాని అక్కడ తెలియకుండా జరిగే ఒక నష్టమున్నది.

మా పిన్ని పెండ్లి క్యాసెట్టును నేనే ఎక్కించాను. చిత్రం మసకగా తోచి, సాఫ్టువేరులోని స్వయం సవరణ మీట నొక్కాను. తెర కళకళలాడింది. కాని మధుపర్కాల నేత మాయమైంది. పీటల వెనుక నిలుచున్న తాతయ్య ఖద్దరు లాల్చీ, తెల్లకాగితం కత్తిరించి అతికించినట్లు మిగిలింది. ఆయన కదలాడే చిత్రం మాకు ఇదొక్కటే. సవరించని ఫైలును అప్పటికే చెరిపివేసి ఉన్నాను.

జరిగినదేమిటి? 1982లో ఏర్పడిన డిజిటల్ వీడియో ప్రమాణంలో నలుపునకు 16, తెలుపునకు 235 అంకెలు. దానిపైన 254 దాకా ఉన్న చోటు మెరుపుల కోసం విడిచినది. పెండ్లి వీడియో దీపాల వెలుగులో తెల్లబట్టలు తరచు ఆ చోటులోకి ఎక్కుతవి. సాఫ్టువేరు 16–235ను కంప్యూటరు తెరకు తగినట్లు 0–255గా సాగదీసినప్పుడు, 240, 246, 252 అని వేరువేరుగా ఉన్న ఛాయలన్నీ ఒక్క 255 అవుతవి. తరువాత ఎంత తగ్గించినా బూడిదరంగు కాగితమే వస్తుంది, నేత రాదు. ప్రయోగశాలలో డిటెక్టరు సంతృప్తమైన పిదప వచ్చిన అంకెను మేము లెక్కలోకి తీసుకొనము. ఇంటిలో నేను ఆ నియమం మరచాను.

ఈ పనిలో కంటిని నమ్మరాదని నా దృఢాభిప్రాయం. గదిలో దీపమార్పితే అదే చిత్రం మరొక తీరుగా కనిపిస్తుంది. ఎడిటింగు సాఫ్టువేర్లలో వేవ్‌ఫారం అనే రేఖాపటం ఉంటుంది. అందులో ఎత్తు అంటే వెలుగు. పై అంచు చిత్రికపట్టినట్లు చదునుగా ఉంటే తెలుపు తెగినదన్నమాట. సాగదీయడానికి ముందే స్థాయిని దించాలి. బట్టను నూరు శాతానికి తేకుండా, తొంబది దగ్గర ఆపి, పైచోటును నగల తళుకుకూ దీపశిఖకూ విడవడం నా పద్ధతి.

మరొక మాట. రంగు సరిచేయడానికి “ఇదే తెలుపు” అని పంచెను చూపకండి. మన పంచెలకు నీలిమందు పెట్టేవారు. అది పసుపుదనాన్ని కప్పే నీలిఛాయ. దానిని తెలుపుగా నమ్మిన సాఫ్టువేరు ముఖాలన్నిటికీ పసుపు పూస్తుంది. పెండ్లికూతురికి అది ముందే ఉన్నది!

దుకాణంలో ఇచ్చి చేయించుకొనేవారు సవరించని ఫైలును కూడ అడిగి పుచ్చుకొనండి. క్యాసెట్టును పారవేయకండి.

నేను మరల క్యాసెట్టు ఆడించి, స్థాయి దించి ఎక్కించాను. మధుపర్కాల నేత కొంత, తాతయ్య లాల్చీ మడతలు చాలవరకు వచ్చినవి. దీపం నేరుగా పడిన ఎడమభుజం మీద మాత్రం ఏమీ లేదు. అక్కడ ఆనాటి కెమెరాయే ఏమీ పట్టుకొనలేదు. ఆ చోటును అట్లే ఉంచాను.