వృత్తి శిక్షణము - ఊరి యవసరము

నైపుణ్య శిక్షణమను మాట నేడు ప్రభుత్వముల నోట నిత్యము వినవచ్చుచున్నది. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన నారంభించెను. 2024లో తెలంగాణ శాసనసభ యంగ్ ఇండియా నైపుణ్య విశ్వవిద్యాలయ శాసనము నామోదించెను. ఆ సంవత్సరముననే టాటా టెక్నాలజీస్ తోడ్పాటుతో రాష్ట్రములోని 65 ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రములుగ మార్చు పనికి శంకుస్థాపన జరిగెను. ఈ యత్నములను మేము హర్షించుచున్నాము. అయితే ఎందరికి శిక్షణ మొసంగితిమను లెక్క ఘనముగ ప్రకటింపబడుచున్నంతగా, ఏ యూరికి ఏ పనివారు ఎందరు కావలెనను లెక్క ప్రకటింపబడుట లేదు. ఈ రెండవ లెక్క లేనిచో మొదటి లెక్కకు విలువ లేదని మా దృఢాభిప్రాయము.

హైదరాబాదు నడిబొడ్డున అమీర్‌పేట నుండి యూసుఫ్‌గూడకు వచ్చువారికి ఈ విషయమును బోధించు మూడు నిదర్శనములు స్వల్ప దూరములోనే గోచరించును. మొదటిది అమీర్‌పేట. అచ్చట మైత్రీవనము పరిసరములలో కంప్యూటరు శిక్షణాలయములు మేడమేడకు వెలసియున్నవి. కంపెనీలు ఏ విద్య నడుగునో, స్వల్పకాలములోనే ఆ విద్య పేరున బోర్డు లేచును. అచ్చటికి వచ్చు యువకుడు పట్టాకొరకు గాక ఉద్యోగముకొరకు వచ్చును. రుసుము తన తలిదండ్రుల కష్టార్జితము నుండియే చెల్లించును. అవసరమును గుర్తెరుగుటలో ఈ శిక్షణాలయములకు సాటి లేదు. కాని ఆ యవసరము నగరములది, దూరదేశములది. ఆదిలాబాదు నుండియో పాలమూరు నుండియో వచ్చినవాడు ఆ విద్యతో తన యూరికి మరలిపోవుట యరుదు.

రెండవది యూసుఫ్‌గూడను ఆనుకొనియున్న కృష్ణానగరు. చలనచిత్ర పరిశ్రమపై నాధారపడిన పనివారెందరో అచ్చట నివసించుచున్నారు. దీపములు నిలుపువారును, సెట్లు కట్టు వడ్రంగులును, దుస్తులు కుట్టువారును పెద్దల చెంత సహాయకులుగ చేరి పని నేర్చినవారే అధికులు. వారికి పని వచ్చును. పనివచ్చునని నిరూపించు పత్రము లేదు. ఈ పరిశ్రమలో పని తరిగిననాడు వేరొక యజమాని వాకిట నిలిచి, ‘నాకు ఇది వచ్చును’ అని చూపుటకు వారిచేత నేమియు నుండదు.

మూడవది యూసుఫ్‌గూడలోనే యున్న జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. 1960లో ఢిల్లీలో స్థాపింపబడి, 1962లో హైదరాబాదునకు తరలివచ్చిన ఈ సంస్థ చిరకాలము ‘సియెట్’ అను పేర ప్రసిద్ధి గాంచెను. 2007లో ప్రస్తుత నామమును ధరించెను. ఈ సంస్థ చరిత్రలో నేటి పాలకులు జ్ఞప్తికి దెచ్చుకొనదగిన ఘట్ట మొకటి గలదు.

1964లో ఈ సంస్థ హార్వర్డు విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రాచార్యుడు డేవిడ్ మెక్లెలాండుతో గూడి ఒక ప్రయోగము నడపెను. కాకినాడ పట్టణమున వ్యాపారములును చిన్న పరిశ్రమలును నడుపు 52 మందిని హైదరాబాదునకు రప్పించి శిక్షణ మొసంగిరి. ఆ శిక్షణములో ప్రధానమైనది యంత్రవిద్య గాదు. తన పనికి తానే లక్ష్యము నిర్ణయించుకొనుట, శక్తికి మించని సాహసమునకు పూనుకొనుట, ఫలితమును తానే కొలిచిచూచుకొనుట - ఇవి యందలి ముఖ్య పాఠములు. శిక్షణము పొందని రాజమహేంద్రవరపు వ్యాపారులతో వారిని పోల్చిచూచిరి. శిక్షణము పొందినవారిలో క్రొత్త వ్యాపారములకు పూనుకొన్నవారు, పెట్టుబడి పెంచినవారు హెచ్చుగ కనబడిరి. కులాచారములును సంప్రదాయ విశ్వాసములును ఇందుల కడ్డుగాలేదని తేలెను. 1969లో మెక్లెలాండు, డేవిడ్ వింటరు అనువారు ఈ వృత్తాంతమును గ్రంథముగ ప్రకటించిరి.

ఈ ప్రయోగమునుండి మేము గ్రహించు విషయములు రెండు. శిక్షణము పొందినవారు కాకినాడ విడిచిపోవుటకు గాక, కాకినాడలోనే తమ పనిని వృద్ధి చేసికొనుటకు శిక్షణము పొందిరి. ఇది మొదటిది. తన వ్యాపారమున తానే నిర్ణయము చేయగల స్థితిలో నున్నవారియందే శిక్షణ ఫలము ప్రస్ఫుటముగ కనబడెను. ఇది రెండవది. అనగా విద్య ఎంత మంచిదైనను, దానిని వినియోగించుటకు తావు లేనివానికి అది ఫలింపదు. కావున శిక్షణము నిచ్చుటకు పూర్వమే దానిని వినియోగింపదగిన తావు ఎచ్చట నున్నదో విచారించుట శిక్షకుని విధి.

ఈ దృష్టితో నేటి మన జిల్లాలను చూడుడు. తెలంగాణమున 25 లక్షలకు పైబడిన వ్యవసాయ పంపుసెట్లు గలవు. పైరు ఎండుచున్న వేళ మోటారు కాలినచో వైండింగు చేయువానికై రైతు ఎంత తిరుగవలెనో మా పాఠకులలో భూవసతి గలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. వరికోత యంత్రము చేలో ఆగిపోయి, ఆకాశమున మబ్బు కమ్మినప్పుడు మరమ్మతు చేయువాని విలువ ఎంతయో అందరు నెరుగుదురు. మిర్యాలగూడకు బియ్యపు మిల్లులున్నవి, ఆదిలాబాదుకు ప్రత్తి జిన్నింగు మిల్లులున్నవి, సిరిసిల్లకు మరమగ్గములున్నవి. ఒక్కొక్క యూరికి ఒక్కొక్క పని. నూతన కేంద్రములలో మరమనుష్యుల విద్యయు విద్యుద్వాహనముల విద్యయు నేర్పుటను మేము గర్హించుట లేదు. నగర పరిసరముల కర్మాగారముల కవి కావలసినవే. అయితే 65 చోట్లను ఒకే పాఠ్యక్రమము ప్రధానమైనచో, సిరిసిల్ల బాలుడు మరమగ్గమును వదలి నగరమునకు రైలెక్కుట నేర్చుకొనును గాని, సిరిసిల్ల మరమగ్గమునకు మెరుగైన పనివాడు లభింపడు.

ఇచ్చట ఒక యాక్షేపణ గలదు. ఊరి పనికి కూలి తక్కువ, గౌరవము తక్కువ. కావుననే యువకులు పోవుచున్నారు, శిక్షణ లోపముచేత గాదని కొందరందురు. ఇందు సత్యము లేకపోలేదు. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల యువకులు గల్ఫు దేశములకు కట్టడపు పనులకై పోవుచుండగా, హైదరాబాదు మేడలను ఒరిస్సా, బీహారు ప్రాంతములవారు కట్టుచున్నారు. 2020 మే 1వ తేదీన లింగంపల్లి నుండి సుమారు 1,200 మంది వలస కూలీలతో మొదటి శ్రామిక రైలు ఝార్ఖండునకు బయలుదేరెను. వారము దాటకముందే బీహారులోని ఖగడియా నుండి రెండువందలకు పైగా హమాలీలు బియ్యపు మిల్లుల పనికై అదే లింగంపల్లిలో రైలు దిగిరి. కూలికి తగిన కొలబద్ద లేక, పనితనమునకు గుర్తింపు లేక, మన శ్రామికశక్తి ఇట్లు అటునిటు కొట్టుకొనిపోవుచున్నది. శిక్షణ మొక్కటియే కూలిని పెంచజాలదు. కాని పనితనమునకు పత్రమున్నవాడు, ఆ పత్రమును యజమాని గుర్తించినచో, కూలి యడుగుటకు హక్కు గలవాడగును.

అట్లయిన చేయవలసిన దేమి? క్రొత్త శాసనములకంటె, ఉన్న శాసనములను వాడుకొనుట మొదటి పని. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద 2019లో సవరింపబడిన నియమముల ప్రకారము, 30 మందియు అంతకు మించియు పనివారుగల సంస్థలు తమ బలములో నూటికి 2.5 మొదలు 15 వరకు అప్రెంటిసులను చేర్చుకొనవలెను. జర్మనీలో 1969 నాటి శాసనము క్రింద యువకుడు కొన్ని దినములు పాఠశాలలోను తక్కిన దినములు కర్మాగారములోను నేర్చును. పరీక్షను వర్తక పరిశ్రమల సంఘములు నడపును. మన నియమము పత్రములలో నుండగా, వారి నియమము పనిలో నున్నది.

2007లో కేంద్రము 1,396 ప్రభుత్వ ఐ.టి.ఐ.ల నభివృద్ధిచేయు పథకము నారంభించి, ఒక్కొక్క సంస్థకు 2 కోట్ల 50 లక్షల రూపాయల వరకు వడ్డీ లేని ఋణము నొసంగుటకు నిర్ణయించెను. ఆ సంస్థల నిర్వహణ సంఘములకు స్థానిక పారిశ్రామికులు అధ్యక్షులు కావలెనని యేర్పరచెను. ఏ తరగతి యుండవలెను, ఏ తరగతి మూయవలెను అని పలుకుటకు స్థానికులకు ద్వారము తెరువబడియే యున్నది. ఆ ద్వారమున ప్రవేశించి సమావేశములలో నోరు విప్పువారు ఎందరు?

కావున మేము కోరునవి నాలుగు. ప్రతి మండలమునకు ఏటేట పనుల గణన జరిగి, ఆ పట్టిక పంచాయతీ కార్యాలయమున అందరు చదువునట్లు అంటింపబడవలెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మంగళగిరి ప్రాంతమున నైపుణ్య గణనకు పూనుకొనెను. జనుల నైపుణ్యముతోపాటు ఊరి పనిని గూడ గణించినప్పుడే అట్టి గణన పూర్ణమగును. పూర్వాభ్యాసముచే పని నేర్చినవారిని పరీక్షించి పత్రమొసంగు విధానము కౌశల్ యోజనలో నున్నది. దానిని కృష్ణానగరు వంటి చోట్లకు కొనిపోవలెను. ప్రతి శిక్షణాలయము తన విద్యార్థులు ఒక సంవత్సరము గడచిన పిమ్మట ఏ పనిలో, ఏ జీతముపై, ఏ యూర నున్నారో ప్రకటింపవలెను. యూసుఫ్‌గూడ సంస్థ కాకినాడలో చేసినట్టి ప్రయోగమును నేటి చిన్న పట్టణములలో మరల ఆరంభింపవలెను.

ప్రభుత్వమునకు చెప్పవలసినది చెప్పితిమి. మా పాఠకులకును ఒక మనవి. మిల్లు గలవారు, వర్క్‌షాపు గలవారు, ట్రాక్టర్లు గలవారు మీలో ననేకులు గలరు. పనివాడు దొరకుట లేదని మీరు వగచుచుండగా, పని దొరకుట లేదని మీ వీథిలోని యువకుడు వగచుచున్నాడు. ఈ సంవత్సరము మీ సమీపమున నున్న ఐ.టి.ఐ.కి ఒకసారి పోయి, మీకు కావలసిన పని యేదియో అచ్చటి అధికారికి వ్రాతమూలముగ తెలుపుడు. ఇద్దరు యువకులను జీతముపై నేర్చుకొనుటకు చేర్చుకొనుడు. ఊరివారే ఊరి యవసరమును చెప్పనిచో, నగరమున కూర్చుండిన అధికారి దానిని ఊహించియే పాఠ్యక్రమము వ్రాయును.