పది దేశాలా, మూడు ఊళ్ళా?

వేసవి సెలవులు దగ్గరపడేసరికి మన మంగఫ్‌లో ఏ ఇంటికి పేరంటానికి వెళ్ళినా ఒకటే చర్చ, ఈసారి ఇండియానా, యూరపా అని. యూరప్ అనగానే ఎవరో ఒకరు రంగుల కరపత్రం తీస్తారు. పన్నెండు రోజులు, పది దేశాలు, రెండు పూటలా మన భోజనం! పోయిన జూన్‌లో నేనూ మావారూ ఆ కరపత్రం పక్కన పెట్టి, పన్నెండు రాత్రులూ మూడు చోట్లే గడిపి వచ్చాం. పారిస్‌లో అయిదు, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో మూడు, రోమ్‌లో నాలుగు. "అంత ఖర్చు పెట్టి మూడు ఊళ్ళేనా వదినా?" అని అడిగినవారందరికీ కలిపి ఇదే జవాబు.

ముందు వీసా సంగతి. షెంగెన్ అన్నది లక్సెంబర్గ్‌లో ఒక చిన్న ఊరు. 1985లో అయిదు దేశాలవారు అక్కడ సంతకాలు చేస్తే, ఇప్పుడు అదే వీసా 29 దేశాలకు చెల్లుతోంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పెద్దలకు తలకు 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా. ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టుకు తిరుగు ప్రయాణం తరువాత మూడు నెలల గడువుండాలి. అకామా గడువు కూడా చూస్తారు కనుక, అది దగ్గరపడుతుంటే ముందు రెన్యూ చేయించుకోవడం మంచిది.

పారిస్‌లో జూన్ నెలలో పొద్దు గుంకేసరికి రాత్రి పదవుతుంది. ఇక్కడ ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి తిరిగే ప్రాణాలకు ఆ వెలుతురులో నడవడమే పెద్ద పండుగ. ఈఫిల్ టవరు గురించి నేను చెప్పేదేముంది! లూవ్ర్‌లో మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు. మన ఇళ్ళల్లో క్యాలెండరంత. దాని ముందు జనం మాత్రం తిరునాళ్ళే.

నేను చెప్పదలచింది ఇంకొక మ్యూజియం గురించి. ఈఫిల్ టవరుకు నది అవతలి గట్టున, ఇయేనా మెట్రో స్టేషను దగ్గర, గిమె మ్యూజియం ఉంది. లియోన్‌కు చెందిన ఎమిల్ గిమె అనే పారిశ్రామికుడు తన ఊళ్ళో పెట్టినదాన్ని 1889లో పారిస్‌కు తెచ్చారు. ఈఫిల్ టవరు లేచిన సంవత్సరమే అది. అక్కడి భారతదేశపు శిల్పాల మధ్య తిరుగుతుంటే మావారు వెనక్కి తిరిగి, "ఇదిగో, మీ పుట్టింటివాళ్ళు ఇక్కడున్నారే!" అన్నారు. చూస్తే మన కృష్ణాతీరపు తెల్లరాయి, అమరావతి పనితనం. సన్నటి నడుములు, ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూసే మనుషులు.

మాది తెనాలి దగ్గర పల్లె. చిన్నప్పుడు అమరావతి వెళితే గుడి చూసుకుని వచ్చేసేవాళ్ళం. స్తూపం ఉన్నచోట దిబ్బే కదా మిగిలింది. మెకంజీ దొర, తరువాత 1845లో ఎలియట్ దొర తవ్వించిన రాళ్ళలో కొన్ని మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని 1859లో లండన్ చేరాయి. పుట్టినచోట తీరిక లేక చూడనిదాన్ని పారిస్‌లో గంటసేపు బెంచీ మీద కూర్చుని చూశాను. ఆ ఒక్క గంట ఏ కరపత్రంలోనూ ఉండదు. పారిస్ వెళ్ళే తెలుగువాళ్ళు అది చూడకుండా రావద్దు. లూవ్ర్‌కూ దానికీ కూడా మంగళవారం సెలవు, గుర్తుంచుకోండి.

ఇంటర్లాకెన్‌లో మొదటి రోజంతా మబ్బు. యుంగ్‌ఫ్రావ్‌యోహ్ మీద ఏమి కనిపిస్తోందో స్టేషన్లోని టీవీలోనే చూపిస్తారు. ఆ వేళ తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. అయినా బస్సుల్లో వచ్చినవారు ఎక్కవలసిందే, సాయంత్రానికి వారు ఇంకో దేశంలో ఉండాలి. మేము సరస్సు ఒడ్డున నడిచి, మర్నాడు ఎండలో ఎక్కాం. 3,454 మీటర్లంటే తిరుమలకు నాలుగు రెట్లు. కొండ లోపలి సొరంగంలో రైలుబాట వేయడానికి పదహారేళ్ళు పట్టి, 1912లో పూర్తయింది. సముద్రమట్టాన ఉండే మనకు పైన నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి వెళ్ళండి.

రోమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినవి వీధి కుళాయిలు. 1874 నుంచీ పెడుతున్నారట. రాత్రింబవళ్ళు చల్లటి మంచినీళ్ళు ధారగా పోతూనే ఉంటాయి. సముద్రపు నీటిని మరగబెట్టి తాగే దేశం నుంచి వెళ్ళాం కదా, మావారికి ప్రతిచోటా కట్టేయాలని చెయ్యి లాగేది!

రోమ్‌లో మేము దిగిన ఇంట్లో పొయ్యి ఉంది. పప్పు, ఆవకాయ పట్టుకెళ్ళాం. మాంసం పచ్చళ్ళు, నెయ్యి, పాలకోవా మాత్రం యూరప్‌లోకి రానివ్వరు సుమా.

మావారు ఇక్కడికి వచ్చి ఇరవైమూడేళ్ళు. సెలవులన్నీ ఇంటి పునాదికీ, మామగారి ఆపరేషనుకూ, పిల్లల పెళ్ళిళ్ళకూ సరిపోయాయి. "రిటైరయ్యాక చూద్దాంలే" అంటూనే ఉన్నారు. వచ్చే మార్చితో అకామా ఆఖరు. ఆయన మోకాళ్ళు రోమ్ మెట్ల దగ్గరే మొరాయించాయి. అందుకే ఇల్లు రెండో అంతస్తు సొమ్ములోంచి తీసి వెళ్ళాం. తమ్ముడికి కోపం వచ్చింది, ఇంకా పోలేదు.

మా చిన్న రైస్‌కుక్కరు కావలసినవారు ముందుగా చెప్పండి, ఆగస్టుకు ఒకరు అడిగేశారు. ఇక్కడి మూడు పలకల పిన్ను అక్కడి గోడకు పట్టదు. యూరప్ ప్లగ్గు కూడా నా దగ్గరే ఉంది, దానితోపాటే ఇస్తాను.