విజ్ఞాన వీచిక: వెలుగుతో వేసిన అతుకు

బస్తర్‌లో వానలు ముదిరితే జ్వరాల కాలం వచ్చినట్లే. నగర్‌నార్ ఉక్కు కర్మాగారపు కుటుంబాలకు, వేలి కొసన సూది గుచ్చి ఒక్క రక్తపు చుక్కతో చేసే మలేరియా పరీక్ష కొత్త కాదు. 2020 జనవరిలో ఆరంభమైన ‘మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్’లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివారికి సైతం ఈ పరీక్ష చేశారు. పదిహేను, ఇరవై నిమిషాలలో తేలే ఎర్రని గీతను బట్టి బిడ్డకు మందు వేయాలా వద్దా అన్నది నిర్ణయమవుతుంది. ఆ గీత వెనుక ఉన్న కథను ఈ మాసం పాఠకుల ముందుంచుతున్నాము.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో కనుగొన్నాడు. నేటి పరీక్షా పట్టీకి ఆ సాధనం అక్కరలేదు. పరాన్నజీవి రక్తంలోకి విడిచే మాంసకృత్తును పట్టుకొనే ప్రతిరక్షకాలను నైట్రోసెల్యులోజ్ పొరపై ముందుగానే గీతలా అంటించి ఉంచుతారు. సూక్ష్మమైన బంగారు రేణువులను మోసే మరికొన్ని ప్రతిరక్షకాలు ఆ మాంసకృత్తుతో కలిసి ప్రవహిస్తూ వచ్చి అక్కడ చిక్కుకుంటాయి. గుమికూడిన ఆ రేణువులే మనకు ఎర్రగా కనబడతాయి.

చిక్కంతా అంటించడంలోనే ఉన్నది. ప్రతిరక్షకం ఆంగ్లంలోని ‘వై’ అక్షరాన్ని పోలి ఉంటుంది: పైన పట్టుకొనే చేతులు రెండు, క్రింద కాండం. పొరపై ఆరబెట్టినప్పుడు కొన్ని నిటారుగా నిలుస్తాయి, కొన్ని బోర్లా పడతాయి. బోర్లా పడిన కావలివాడు దొంగను పట్టలేడు గదా!

దీనికి ప్రయోగశాలలు కాంతి సాయం తీసుకున్నాయి. 2002లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థకు చెందిన పీటర్ షుల్ట్జ్ బృందం, బెంజోఫినోన్ గల ఒక కృత్రిమ అమైనో ఆమ్లాన్ని బాక్టీరియా చేతనే మాంసకృత్తులో కోరిన చోట అమర్పించింది. చీకటిలో అది నిద్రాణంగా ఉంటుంది. సుమారు 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి సోకగానే మేల్కొని, ప్రక్కనున్న అణువుతో గట్టి రసాయన బంధం కలుపుకొంటుంది. మన వెల్డర్లు ముసుగు లేకుండా చూడరాని ఆర్కులోని తీక్ష్ణ కిరణాలైతే మాంసకృత్తునే చెడగొట్టగలవు. ఈ కాంతి వాటికంటె సౌమ్యమైనది.

ప్రతిరక్షకపు కాండాన్ని మాత్రమే పట్టే ఒక చిన్న మాంసకృత్తులో ఈ ఆమ్లాన్ని చేర్చి, దానిని ఉపరితలానికి బిగిస్తారు. అది కాండాన్ని పట్టుకొన్నాక కాంతి ప్రసరింపజేస్తే ఆ పట్టు శాశ్వతమవుతుంది. చేతులు రెండూ స్వేచ్ఛగా పైకి నిలుస్తాయి. వెలుగు పడిన చోటనే అతుకు పడుతుంది కనుక, ఒకే పలకపై పలు రోగాల పరీక్షలను వేర్వేరు చుక్కలుగా ఒకదాని తరువాత ఒకటి అమర్చవచ్చును.

అయితే మన ఆరోగ్య కేంద్రాలకు వచ్చే చౌక పట్టీలు సాధారణంగా ఆరబెట్టి అంటించినవే. అందుచేత ఇంటివారికి మా మనవి: పట్టీలను ఎండకు, వేడికి దూరంగా, కవరుపై సూచించిన ఉష్ణోగ్రతలో ఉంచండి. నియంత్రణ గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. గీత లేకున్నా జ్వరం తగ్గనిచో వైద్యుని చూపించి, రక్తపు పూత పరీక్ష చేయించండి. పట్టీ పొరబడవచ్చును, మన జాగ్రత్త పొరబడరాదు.