గూడబాతులు చెప్పని కొల్లేరు

శీతకాలంలో కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్లొచ్చినవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: పక్షులు బోలెడున్నాయి, కొల్లేరు బాగానే ఉంది. మొదటి సగం నిజమే. రెండో సగానికి ఆటపాక సాక్ష్యం చాలదు. అక్కడ గూడబాతులు చాలావరకు గూళ్లు కట్టేది అటవీ శాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద. వాటికి ముఖ్యంగా కావలసింది చేపలు. చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే కాబట్టి తిండికి లోటుండదు. సరస్సు పోయి చెరువులే మిగిలినా ఆ పక్షి కొన్నాళ్లు నెట్టుకురాగలదు. కాబట్టి పక్షుల్ని చూడబోయినవాళ్లు బోటు షికారుతో వెనక్కి తిరగకుండా గట్ల వెంట, సరస్సు నీటిని సముద్రానికి మోసే ఉప్పుటేరు దాకా నడవాలి. ఆ నడకలో రాసుకున్న లెక్కలు కొల్లేరు గురించి తీసుకునే నిర్ణయాల్లో చెల్లుబాటు కావాలి.

ఏ పక్షి ఎక్కడ నిలబడిందన్నది నీటి లోతును పట్టిస్తుంది. ఉల్లంకి పిట్ట పొట్టి కాళ్లతో, సన్నని ముక్కుతో రొంపిలో పురుగుల్ని ఏరుకుంటుంది. దానికి అంగుళాల లోతు నీళ్లు చాలు. నత్తగుల్ల కొంగ మోకాటి లోతు నీళ్లలో నత్తల్ని వెతుకుతుంది. తామరాకుల మీద నడిచే పక్షికి ఆకులే నేల. చేపల చెరువు ఇందుకు పూర్తిగా విరుద్ధం: లోతుగా తవ్విన అడుగు, నిటారు గట్లు, నాచు, తూడు కనబడితే పెరికేసే యాజమాన్యం. పట్టుబడికి నీళ్లు తోడినప్పుడు బురద తేలిన నాలుగు రోజులూ ఉల్లంకులు దిగుతాయి, నిజమే. అందుకే ఒక్కసారి చూసి తేల్చకూడదు. ఉల్లంకులు, తామరాకు పక్షులు తగ్గుతూ గూడబాతులు మాత్రమే నిలకడగా కనబడితే, లోతు తక్కువ నీళ్లు పోయి లోతు నీళ్లు మిగిలాయని అనుమానించాలి.

కొల్లేరు తగాదా మాత్రం ఎప్పుడూ సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే కాంటూరు గీత చుట్టూనే తిరిగింది. +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో ఆ గీతను +3కు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఇంత వాదనలో గీత లోపల ఏ ప్రాణి బతుకుతోందన్న ప్రశ్న వెనకబడిపోయింది.

సరదాకు బైనాక్యులర్లు పట్టుకున్నవాళ్ల లెక్కను ఎలా నమ్మాలని అధికారులు అడగవచ్చు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో ఎక్కువగా ఔత్సాహికుల మీదే నడుస్తోంది. ఒక ఉదయపు అంకెలో తప్పు దొర్లవచ్చు. అదే గట్టు మీద, అదే నెలలో, అదే పద్ధతిలో ఏళ్ల తరబడి లెక్కపెడితే పెరుగుదలా తరుగుదలా తెలుస్తాయి. ఫొటో ఉంటే గుర్తింపును ఇంకొకరు సరిచూడవచ్చు. జనం గుంపులుగా వస్తే పక్షులు బెదురుతాయన్న అభ్యంతరం మాత్రం గట్టిది. గూళ్ల దగ్గరికి బోట్లు పోనివ్వకుండా, చిన్న బృందాలకే అనుమతివ్వడం తప్ప దానికి వేరే జవాబు లేదు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న కూటిది. చేపల చెరువుల మీద బతికే కుటుంబాలకు పిట్టల జాబితా అన్నం పెట్టదు. ఆ మాట కాదనలేం. కానీ సరస్సులో వలలు, మావులతో చేపలు పట్టి బతికినవాళ్లకీ కావలసింది అదే లోతు తక్కువ నీరు. చెరువులు తొలగిస్తే ఎవరికి ఎంత పరిహారం ఇవ్వాలో తేల్చేటప్పుడు వాళ్లనీ లెక్కలోకి తీసుకోవాలి. గణన బృందాల్లో మొదటి చోటు వాళ్లకే ఇవ్వడం న్యాయం, కూలి కట్టి మరీ. ఏ పక్షి ఏ నెలలో ఏ మూలకు వస్తుందో బయటినుంచి వచ్చినవాళ్లకన్నా వాళ్లకే బాగా తెలుసు. ఇక వరద. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీరు పరుచుకునేది ఈ పల్లంలోనే. అది ఉప్పుటేరు గుండా సముద్రానికి చేరాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక గట్ల గురించి, గండ్ల గురించి చాలా చర్చ జరిగింది. దిగువన కొల్లేరు ఎంత నీరు పట్టగలదో కొలిచేటప్పుడు ఇంజినీర్ల లోతు పటం పక్కన, ఏడాదిలో కనీసం రెండుసార్లు, జనవరిలోనూ మేలోనూ, గట్లన్నీ తిరిగి రాసిన పక్షుల జాబితాను కూడా జిల్లా కలెక్టర్ల ముందు పెట్టాలి.