బొగ్గు ఆరిన తరువాత

2024 సెప్టెంబరు 30వ తేదీన రాట్‌క్లిఫ్ కేంద్రము మూతపడుటతో బ్రిటనున బొగ్గుతో విద్యుచ్ఛక్తిని పుట్టించుట ముగిసెను. పొగ తగ్గినందుకు మేమును సంతసించుచున్నాము. కాని 1920లో పదిలక్షలకు మించియుండిన గనికార్మికుల గతి యేమయ్యెను? 1984 మార్చి మొదలు సంవత్సరకాలము సమ్మె సలిపి, యోడి, వారు పనులకు మరలిరి. గనులు వరుసగా మూతపడినవి. గనితో సంఘమును, సంఘముతో రాజకీయవిశ్వాసమును సడలెను. 1950 నుండి లేబరుపక్షమును విడువని బోల్సోవరు నియోజకవర్గము 2019లో కన్సర్వేటివులను గెలిపించెను. (2024లో మరల లేబరును చేరినది, అది వేరుమాట.) దీనిని కృతఘ్నత యనువారు కలరు. మేమట్లనము. పని చూపనివారికి ఓటడుగు హక్కెక్కడిది?

మన సింగరేణిలోనో, బొగ్గు తగ్గకమునుపే కార్మికులు తగ్గిరి. 1990 ప్రాంతమున లక్షకు మించినవారు, యంత్రములును ఓపెన్‌కాస్టు గనులును వచ్చినపిదప, కాంట్రాక్టువారు గాక, నలుబదివేల చేరువకు దిగిరి. ఏ గని యేయేట మూతపడునో, నాటికి అచ్చటివారికి ఏ పని సిద్ధముగా నుండునో, సంస్థను పంచుకొన్న కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు ఇప్పుడే ప్రకటింపవలయును.