పుట్ట కింద పొలం

మార్చి వచ్చిందంటే చాలు, నా ఫోన్ నిండా పుట్టగొడుగులే. అమెరికాలో ఎవరో వసంతకాలపు అడవిలో మోకాళ్లూని, ఎండుటాకులు పక్కకు జరిపి, తేనెపట్టులా గుంటలు పడ్డ మోరెల్‌ని చూపించి మురిసిపోతుంటారు. మన దేశంలోనూ ఉంది ఆ సంబరం. హిమాచల్, కశ్మీర్ కొండల్లో దాన్నే గుచ్చీ అంటారు. ఎండబెట్టిన గుచ్చీ కిలో వేల రూపాయలు పలుకుతుంది. ఆ రీల్స్ చూసి, "అన్నా, ఇప్పుడు నల్లమల పోతే మనకు కూడా దొరుకుతాయా?" అని అడిగేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

దొరకవు. ఒక్కటి కూడా.

శ్రీశైలం రోడ్డులో హాజీపూర్ దాటి కొండెక్కితే మన్ననూర్. అక్కడి నుంచే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలికి దారి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ అడవిని చూస్తే పుట్టగొడుగు అన్న మాటే గుర్తుకు రాదు. టేకు ఆకు రాలిపోయి ఉంటుంది, తునికి చెట్లు మాడిపోయినట్టు నిలబడి ఉంటాయి, అడుగేస్తే కరకరమని చప్పుడు. మోదుగు పూలు మాత్రం మంట పెట్టినట్టు ఎర్రగా పూస్తాయి. తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి, వాటికోసం మనుషులూ వస్తారు, ఎలుగుబంట్లూ వస్తాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. అడవిశాఖ వాళ్లకు ఎప్పుడెక్కడ అగ్గి లేస్తుందోనని నిద్ర ఉండదు. పుట్టగొడుగులో సుమారు 90 శాతం నీళ్లే, ఆ ఎండకు అది నిలబడేదెలా? మన వసంతం ఇప్పపువ్వుది. పుట్టగొడుగు కావాలంటే వాన కోసం ఆగాలి.

అయితే ఆ ఎండాకాలంలోనే అసలు పని జరుగుతూ ఉంటుంది. మనకు కనపడదంతే.

చెదపురుగుల పుట్ట చూసే ఉంటారు. దాని కింద ఒక పొలం ఉంటుంది. పోలిక కోసం అంటున్న మాట కాదిది, నిజంగా వ్యవసాయమే. ఎండుటాకులో, పుల్లలో ఉండే గట్టి పీచును అరిగించుకోవడం చెదలకు ఒంటరిగా చేతకాదు. అందుకని వాటిని కొరికి మింగి, లోపలికి తెచ్చి విసర్జించి, దానితో స్పాంజి ముక్కలాంటి గూళ్లు కడతాయి. ఆ గూళ్ల మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. పీచును విరగ్గొట్టే పని అది చూసుకుంటుంది, పండిన పంట చెదలు తింటాయి. ఇలా బూజును సాగుచేసే చెదలు ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కింద మొదలయ్యాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మనం నాగలి పట్టింది నిన్నమొన్న. కాబట్టి మోదుగు పూస్తుంటే మీరు తొక్కి నడిచిన ఆ ఎండుటాకే కింద ఎరువవుతోంది.

ఈ శిలీంధ్రాల జాతికి 1942లో రోజే ఏమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రం అని అర్థం. మనవాళ్లు అంతకంటే ముందే పుట్టగొడుగు అన్నారు, పాలమూరు వైపు పుట్టకొక్కులు అంటారు. చిరునామా పేరులోనే ఉంది. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో పడుకున్న బటన్ మష్రూమ్ జన్మలో పుట్ట మొహం చూసి ఉండదు. అయినా దాన్నీ పుట్టగొడుగే అంటున్నాం, సరే.

మృగశిర దాటి, ఆరుద్రలో వానలు కుదురుకున్నాక పొలం పైకి లేస్తుంది. దీపం చుట్టూ ఉసిళ్లు మూగే రోజులు అవి. ఉరుములు గట్టిగా ఉరిమితే పుట్టకొక్కులు లేస్తాయని ఊళ్లో అంటారు. నవ్వేయకండి. జపాన్‌లోని ఇవాటే యూనివర్సిటీ వాళ్లు పుట్టగొడుగులు పెంచే దుంగలకు కృత్రిమ పిడుగులాగా హై వోల్టేజీ కరెంటు కొట్టి చూస్తే దిగుబడి పెరిగింది. అది వేరే జాతుల మీద చేసిన పని, మన పుట్టకు అదే వర్తిస్తుందని నేను అనను. కానీ వాన, తేమ, ఉరుము కలిసి వస్తాయి కదా, ఊరి లెక్క ఎటు చూసినా తప్పదు.

ఇక ఫొటోల సంగతి. పోయిన ఆరుద్రలో మన్ననూర్ దగ్గర ఒక పొలం గట్టు మీద పొద్దున్నే ఓ గుంపు కనపడింది. తెల్లటి గొడుగులు, నడిమధ్యన గునపం మొనలా ముదురు రంగు మొటిమ. గట్టినేలను పొడుచుకుని రావాలంటే ఆ మొన ఉండాల్సిందే. నేను పడుకుని, తిరిగి, పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనకంతా మసకచేసి పాతిక ఫొటోలు తీశాను. గుర్తుపట్టే యాప్‌కి చూపిస్తే మూడు కోణాలకు మూడు పేర్లు చెప్పింది. పక్కనే నిలబడి చూస్తున్న చెంచు పెద్దాయనకు ఫోన్ చూపించాను. ఆయన స్క్రీన్ వైపు ఒక్క క్షణం చూసి అన్నాడు:

"పైన జూసి ఏం జెప్తం బిడ్డా? కాలు జూడాలె."

కర్రతో పక్కన మట్టి కొంచెం కొంచెంగా తవ్వాడు. కాడ కిందికి పోతూనే ఉంది. జానెడు దాటింది, సన్నబడి వేరులా మారింది, ఇంకా అంతు లేదు. అది పోయేది చెదల గూటికే. "నిరుడు గూడ ఈడనే లేశినయి. ఇది పుట్టల పుట్టింది. ఉత్త నేల మీద మొలిశినయి మేం ముట్టం." యాప్ చూసింది తల. ఆయన చూసింది కాలు, చోటు, కార్తె, నిరుడు.

అప్పటి నుంచి నేను ఫొటో తీసే పద్ధతే మారింది. అందంగా వచ్చే ఫొటో ఒక్కటి చాలు, మిగతావన్నీ సాక్ష్యం కోసం. గొడుగు కింద రేకులు కనపడేలా ఒకటి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని కెమెరా నేలకు ఆనిస్తే పీకాల్సిన పని లేకుండానే వస్తుంది. కాడ మీద ఉంగరం ఉందా లేదా అన్నది ఒకటి. మొదలు దగ్గర గుడ్డు పెంకు పగిలినట్టు తెల్లటి గిన్నె ఉందేమో ఒకటి, అన్నిటికంటే ముఖ్యం అదే. అమానిటా జాతిలో ప్రాణాలు తీసేవి చాలావరకు ఆ గిన్నెలోంచే లేస్తాయి, పై నుంచి తీసిన ఫొటోలో ఆ గిన్నె మట్టిలో దాక్కుంటుంది. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. చుట్టూ ఉన్న నేల కూడా రావాలి, మసకచేయకుండా. రాలిపడ్డ గొడుగు దొరికితే తెల్ల కాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచండి, బీజాల రంగు దిగుతుంది. పుట్టకొక్కులకు లేత గులాబీ ఛాయ. వాన పడ్డాక పార్కుల్లో, పెరళ్లలో కనపడే ఒక పెద్ద తెల్లగొడుగుకైతే ఆకుపచ్చ. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ తింటే వాంతులతో ఆస్పత్రి పాలు చేస్తుంది.

ఇవన్నీ చూసి గుర్తుపట్టి వండుకోవచ్చని మాత్రం అనుకోకండి. నేను ఇప్పటికీ నా అంతట నేను ఏరి తినను. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనీ, పురుగు తింటే మనమూ తినొచ్చనీ, పసుపేసి ఉడికిస్తే విషం పోతుందనీ వాట్సాప్‌లో తిరిగే మాటలు మూడూ అబద్ధాలే. అమాటాక్సిన్ అనే విషం ఎంత ఉడికినా చావదు. రుచిలో తేడా ఉండదు. తిన్న వెంటనే ఏమీ కాదు, ఆరు గంటలకో పన్నెండు గంటలకో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒకటి రెండు రోజులకు తగ్గిపోయినట్టే ఉంటుంది, మనిషి లేచి తిరుగుతాడు. లోపల కాలేయం అప్పుడే దెబ్బతింటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగుల కూర తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు. కొత్తగా మోజుపడి వెళ్లినవాళ్లు కాదు, ఏటా ఏరుకుని తినేవాళ్లే.

ఇక్కడే ఫోన్ నిజంగా పనికొస్తుంది. ఎవరింట్లోనైనా అడవివి వండుతుంటే పొయ్యి మీద పెట్టకముందే మొదలుతో సహా ఫొటో తీసి పెట్టండి, ఒకదాన్ని కాగితంలో చుట్టి పక్కన ఉంచండి. తేడా అనిపిస్తే 108కి ఫోన్ చేసి, ఆ రెండూ డాక్టర్ చేతిలో పెట్టాలి. వాంతులు తగ్గాయని ఇంటికి తిరిగి రావద్దు.

రిజర్వ్ లోపలైతే ఏరే ప్రసక్తే లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం బయటి నుంచి వెళ్లిన మనం పుల్ల కూడా తీసుకురాకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది తరతరాలుగా అక్కడ ఉంటున్నవాళ్లకు. పెంటల్లో ఉండే చెంచులకు అది కూర, మిగిలితే రోడ్డు పక్కన అమ్ముకునే నాలుగు రూపాయలు. మోదుగాకు దొప్పలో పెట్టి అమ్మేవాళ్లతో బేరమాడే కారు జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదే జనం మాల్‌లో డబ్బా మీద ధర చూడకుండా తీసుకుంటారు.

లొకేషన్ విషయం కూడా చెప్పాలి. పుట్ట బతికున్నంత కాలం దాదాపు అదే చోట, అదే కార్తెలో కొక్కులు లేస్తాయి. ఆ చోటు ఒక కుటుంబానికి తెలిసిన బ్యాంకు ఖాతా లాంటిది. మీరు రీల్‌కి పిన్ పెట్టి వదిలితే వచ్చే ఆదివారానికి పది బైకులు వస్తాయి, ఎవడో పారతో పుట్టనే తవ్వుతాడు. గూడు చెడితే చెదలు పోతాయి, చెదలు పోతే పంట పోతుంది. ఆ పెద్దాయన నన్ను ఒక్కటే అడిగాడు: "ఈ జాగ ఎవలకు జెప్పకు బిడ్డా." అందుకే గట్టు ఏ వైపో ఇక్కడ రాయలేదు. మీరు కూడా కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి తీయండి.

పుట్ట దగ్గర చెయ్యి పెట్టే ముందు కర్రతో నాలుగుసార్లు తట్టండి. శ్రావణంలో పంచమికి అదే పుట్టలో పాలు పోసేది ఊరికే కాదు, లోపల ఎవరుంటారో పెద్దలకు తెలుసు. మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు మూసే ఉంటుంది, కాబట్టి ముందురోజే చేరి ఊళ్లో పడుకోవడం మేలు. గేటు తెరవకముందే గట్ల మీదికి వెళ్లొచ్చు, పుట్టలు అడవిలోనే ఉండాలని లేదు కదా. మొగ్గగా ఉన్న గొడుగు ఎండెక్కేసరికి విచ్చుకుంటుంది, అంచులు చీలతాయి, ఈగలు వాలతాయి. మంచి వెలుతురు ఉండేది ఆ ముందు గంటే.